నీటి ఒడ్డున పార్కు.. నమూనాకు ముందే జనం మాట

కోటవురట్ల: నదీతీరంలోనో, సముద్రపు ఒడ్డునో పార్కును తీర్చిదిద్దేటప్పుడు ప్రజలను ఎప్పుడు అడగాలన్నదే అసలు ప్రశ్న. నమూనా ఖరారయ్యాక అభిప్రాయాలు సేకరిస్తే రంగులు మారతాయే తప్ప పార్కు మారదు.

ఇందుకు విశాఖ ఉదాహరణ. 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ధాటికి బీచ్ రోడ్డులోని ఉడా పార్కు దెబ్బతింది. ప్రపంచ బ్యాంకు రుణంతో చేపట్టిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో ఆ పార్కునూ చేర్చారు. ఇటువంటి రుణాలతో చేసే పనులకు పర్యావరణ, సామాజిక ప్రభావాలను అంచనా వేయాలి. ప్రభావితులయ్యే వారిని సంప్రదించాలి. ఇది బ్యాంకు నిబంధన.

2022 ఏప్రిల్ 4న విశాఖ నుంచి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరిన కోటవురట్ల మండలంలో వరాహ నది ప్రవహిస్తోంది. పల్లెల్లో ఈ సంప్రదింపునకు వేదిక గ్రామసభ. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ ఓటర్లందరూ అందులో సభ్యులే.

ఏటి ఒడ్డున పార్కు తలపెడితే తొలుత అక్కడికి నిత్యం వచ్చేవారెవరో తెలుసుకోవాలి. పశువులను నీటికి తోలుకొచ్చే రైతులు, బట్టలు ఉతికే రజకులు, వేట సాగించే మత్స్యకారులు తమ దారి మూసుకుపోతుందేమో చెప్పాలి. వరద ఎంతవరకు వస్తుందో ఊరి పెద్దలకు తెలుసు. మహిళలకు అనువైన వేళ సభ జరపాలి. ఏ సూచనను స్వీకరించారో, దేనిని ఎందుకు తోసిపుచ్చారో పంచాయతీ కార్యాలయం వద్ద ప్రకటించాలి. నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారో శంకుస్థాపనకు ముందే తేల్చాలి. లేకుంటే ప్రారంభోత్సవం నాటి పచ్చదనం వేసవికే ఎండిపోతుంది.