తలుపు ఎప్పుడు కేక వెయ్యాలి?

గోలకొండ కోట చూడటానికి వెళ్ళినవాళ్ళు తప్పకుండా చేసే పని ఒకటున్నది. ప్రవేశద్వారం దగ్గర కమాను కింద నిలబడి చప్పట్లు కొడతారు. దాదాపు కిలోమీటరు దూరాన, కొండ కొమ్మున ఉన్న బాలాహిసారులో నిలబడినవాళ్ళకు ఆ చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. కింద ఎవరు వచ్చినా పైవాళ్ళకు క్షణంలో కబురు అందటానికే ఆ ద్వారాన్ని అట్లా కట్టారని చెబుతారు.

ఇప్పుడు ఆ చప్పట్లు కొట్టే పని కరెంటు చేస్తున్నది. బ్యాంకుల్లోనూ, కంప్యూటర్లుండే గదుల్లోనూ తలుపు పక్కన గోడకు ఒక చిన్న నల్లపెట్టె ఉండటం మీరు చూసే ఉంటారు. దాని ముందు కార్డు పెడితే “టిక్‌” మంటుంది, తలుపు తెరుచుకుంటుంది. ఆ పెట్టెను రీడరు అంటారు. తాళంచెవికి బదులు కార్డు వచ్చిందని ఊరుకుంటే మనకు సగమే తెలిసినట్టు. పాతకాలపు తాళంకప్పను ఎవరన్నా పగలగొడితే అది నోరెత్తి చెప్పలేదు. ఈ కొత్త తలుపు చెప్పగలదు. కాని ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో దానికి మనిషే నేర్పాలి. అదే ఇందులో ఉన్న కష్టమంతా.

ఎట్లా నేర్పుతారో చూడటానికి సాలూరు వెళదాం. విజయనగరం మీదుగా రాయపూరు పోయే రోడ్డు మీద, సుంకి ఘాటు ఎక్కబోయే ముందు, వేగావతి ఒడ్డున ఉన్న ఊరు ఇది. లారీలకు పెట్టింది పేరు. అక్కడ ఒక సరుకుల గోదాము ఉన్నదనుకోండి. లోపల చింతపండు, పసుపు బస్తాలు ఉన్నాయి. దాని యజమాని తలుపుకు ఈ యంత్రం బిగించాడు.

కార్డులో బ్యాటరీ లేదు. సన్నని రాగితీగ చుట్ట, వడ్లగింజ కన్న చిన్నదైన ఒక చిప్పు, అంతే. రీడరు ఎప్పుడూ రేడియో అలలను వెలువరిస్తూ ఉంటుంది. కార్డు దగ్గరికి రాగానే ఆ అలల వల్ల తీగచుట్టలో కొద్దిగా కరెంటు పుడుతుంది. ఆ కాస్త బలంతోనే చిప్పు మేలుకుని తన నంబరు చెబుతుంది. ఇట్లా తలుపు తెరిచే పద్ధతికి అమెరికాలో చార్లెస్ వాల్టన్ అనే ఆయన 1973లో పేటెంటు పొందాడు. రీడరు ఆ నంబరును లోపలి గదిలో ఉండే కంట్రోలరుకు చేరవేస్తుంది. ఈ నంబరును ఈ వేళకు లోపలికి రానివ్వవచ్చునా, కూడదా అని నిర్ణయించేది కంట్రోలరే.

మరి తలుపు తెరుచుకున్నదీ లేనిదీ దానికి ఎట్లా తెలుస్తుంది? తలుపు రెక్కకు ఒక అయస్కాంతం, ద్వారబంధానికి ఒక గాజుగొట్టం బిగిస్తారు. గొట్టంలో రెండు సన్నని ఇనుపరేకులు ఉంటాయి. తలుపు మూసి ఉంటే అయస్కాంతం దగ్గరగా ఉండి రేకులను కలిపి ఉంచుతుంది. తలుపు తెరిస్తే రేకులు విడిపోతాయి, కరెంటు ఆగిపోతుంది. దీన్ని 1936లో బెల్ పరిశోధనాలయంలో వాల్టర్ ఎల్వుడ్ కనిపెట్టాడు. వేలెడంత కూడా లేని ఈ గొట్టమే గోలకొండ ద్వారం దగ్గరి కాపలావాడన్న మాట.

ఇంత చేసినా యంత్రానికి తెలిసినవి రెండే సంగతులు: మంచి కార్డు వచ్చిందా, తలుపు తెరుచుకున్నదా? ఈ రెంటినీ కలిపి అది ఊహించాలి. కార్డు వచ్చి తలుపు తెరుచుకుంటే గొడవ లేదు. కార్డు రాకుండా తెరుచుకుంటే, ఎవరో బలవంతంగా తెరిచారని అలారం మోగించాలి. ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. లోపల ఉన్నవాడు ఇంటికి పోవటానికి తలుపు తీస్తే? అప్పుడూ కార్డు లేదు కదా! అందుచేత లోపలి గోడకు ఒక మీట పెట్టారు. దాన్ని నొక్కి తలుపు తీస్తే, “మనవాడే బయటికి పోతున్నాడు,” అని కంట్రోలరు ఊరుకుంటుంది.

రెండో చిక్కు ఇంకా పెద్దది. తలుపు తెరిచి అట్లాగే వదిలేస్తే ఎవరైనా లోపలికి రావచ్చు. కనక ముప్ఫై సెకండ్లు దాటి తెరిచి ఉంటే అలారం మోగాలని యంత్రం బిగించినవాళ్ళు అమర్చి వెళ్ళారు. మర్నాడు పొద్దున లారీ వచ్చింది. కళాసీలు బస్తాలు మొయ్యసాగారు. ముప్ఫై సెకండ్లలో లారీ నిండుతుందా? గంటల తరబడి బజరు మోగుతూనే ఉన్నది.

“ఏటి బాబూ ఈ గోల? పొద్దుట్నించి చెవులు దిబ్బడేసిపోనాయి!” అన్నాడు కాపలా తాత.

“ఉండు తాతా, దీని నోరు నే మూస్తాను,” అని ఒక కళాసీ బజరు బొక్కలో గుడ్డపీలిక కుక్కాడు.

అతన్ని తప్పుపట్టి లాభం లేదు. “నాన్నా, పులి!” అని ఊరికే అరిచిన కుర్రవాడి కథ మీకు తెలుసు. ఊరికే అరిచే అలారం గతి కూడా అంతే. ఇటువంటి యంత్రాలు చాలాచోట్ల దొంగల చేతిలో కాక, విసిగిపోయిన మంచివాళ్ళ చేతిలోనే చెడిపోతాయి. నిజంగా దొంగ వచ్చిన రాత్రి కూడా ఆ పీలిక అక్కడే ఉంటుంది మరి!

దీనికి మందు అలారం తీసెయ్యటం కాదు, దానికి వేళలు నేర్పటం. సరుకు ఎక్కించే వేళ, అంటే పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా, ఆ తలుపు తెరిచి ఉంచవచ్చు. మనుషులు వచ్చిపోయే చిన్న తలుపుకు మాత్రం పగలు ముప్ఫై సెకండ్లు, రాత్రి పదిహేను సెకండ్లు. అదీ మొదట చిన్నగా, తలుపు దగ్గరివాళ్ళకు మాత్రమే వినపడేటట్టు మోగాలి. “తలుపు వెయ్యి నాయనా,” అన్నట్టు. అప్పటికీ వెయ్యకపోతేనే యజమాని ఫోనుకు కబురు పోవాలి. అట్లాగే తప్పు కార్డు. ఎవడో పరధ్యానంగా బస్సు పాసు చూపించాడనుకోండి, రాసిపెట్టుకుంటే చాలు. రాత్రి రెండు గంటలకు నిమిషంలో అయిదుసార్లు తప్పు కార్డు వస్తే, యజమానిని నిద్ర లేపాలి!

గోడకున్న రీడరునే ఎవరన్నా ఊడబెరికితే? అందుకూ లోపల ఒక చిన్న మీట ఉంటుంది. మూత కదిలితే చెప్పేస్తుంది. తీగ కత్తిరిస్తే? కొన్ని రకాల్లో కంట్రోలరు క్షణక్షణమూ రీడరును, “ఉన్నావా?” అని అడుగుతూ ఉంటుంది. జవాబు రాకపోతే అదే అలారం.

అయితే కరెంటే పోతే ఏమిటి గతి? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీ కొన్ని గంటలే ఆదుకుంటుంది. అంచేత అది పూర్తిగా అయిపోయిన తరవాత కాక, అయిపోతుండగానే చెప్పాలి. మరో సంగతి. తలుపును పట్టి ఉంచేది విద్యుదయస్కాంతమైతే, కరెంటు పోగానే తలుపు వదులవుతుంది. ఇది లోపం లాగా కనిపిస్తుంది గాని, కావాలనే అట్లా చేశారు. గోదాములో నిప్పంటుకుంటే లోపలివాళ్ళు బయటపడవద్దా? అగ్నిప్రమాదపు గంట మోగగానే అటువంటి తలుపులన్నీ వదులయ్యేటట్టు తీగలు కలుపుతారు. బస్తాలు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు.

ఇంత తెలివైన యంత్రానికి కూడా అందని సంగతి ఒకటున్నది. గోలకొండ కోటను ఔరంగజేబు 1687లో ముట్టడించాడు. ఎనిమిది నెలలు గడిచినా కోట లొంగలేదు. చివరకు అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు లంచం తిని, రాత్రివేళ లోపలి నుంచి ద్వారం తెరిచాడు. మొగలు సైన్యం లోపలికి వచ్చింది. తానాషా బందీ అయ్యాడు. ఆ సర్దారు చేతిలో ఇవాళ్టి కార్డు ఉన్నా అది మంచి కార్డే అయిఉండును, అలారం మోగి ఉండదు. ఒకడు కార్డు చూపించి తలుపు తీస్తే వాడి వెనకే మరొకడు దూరినా మన గోదాము యంత్రానికి తెలియదు. ఫలానా కార్డుతో ఫలానా నిమిషంలో తలుపు తెరుచుకున్నదని రాసిపెట్టటం వరకే దాని పని. ఆ జాబితాను మర్నాడు ఎవరన్నా చదివితేనే దానికి ప్రయోజనం.

మీరు కూడా ఇంట్లో ఒక తలుపు అలారం చేసుకోవచ్చు. బట్టలకు పెట్టే కర్ర క్లిప్పు ఒకటి తీసుకుని, దాని రెండు పెదవులకూ చాక్లెట్ల మీది వెండికాగితం చుట్టండి. ఒక్కొక్క పెదవికి ఒక తీగ కట్టి, రెండు టార్చి సెల్లులతోనూ చిన్న బజరుతోనూ వరసగా కలపండి. గోడ కరెంటు జోలికి మాత్రం పోవద్దు. పెదవుల మధ్య అట్టముక్క పెట్టండి. క్లిప్పును ద్వారబంధానికీ, అట్టముక్కకు కట్టిన దారాన్ని తలుపుకూ బిగించండి. తలుపు తెరవగానే అట్టముక్క జారిపోతుంది, వెండికాగితాలు కలుస్తాయి, బజరు మోగుతుంది. తలుపు మళ్ళీ మూసినా అది ఆగదు. ఎవరో ఒకరు వచ్చి అట్టముక్క తిరిగి పెట్టాలి. అమ్మ నీళ్ళబిందెతో రెండు చేతులా పట్టుకుని వచ్చేసరికి అది మోగుతూ ఉంటే ఏం చెయ్యాలో, బిగించకముందే ఆమెను అడిగి తెలుసుకోండి.