అంగన్‌వాడిలో ఆయాసపు బిడ్డ

2023 ఏప్రిల్ 19న ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది మొదలు, సంతబొమ్మాళి మండలమందలి మూలపేట మాట వచ్చినప్పుడెల్ల జనులు రేవును గూర్చియే ముచ్చటించుకొనుచున్నారు. నా మనసున మాత్రము నిర్మాణపు ధూళి, కట్టెపొయ్యి పొగ, సముద్రపు చెమ్మగాలి నడుమ అంగన్‌వాడికి నడచివచ్చు ఉబ్బసపు బిడ్డలే మెదలుచుందురు.

ఉబ్బసము గల బిడ్డ శ్వాసనాళములు లోలోపల వాచియుండును. పొగయో, దుమ్మో, పడిసెమో సోకినంతనే వాని చుట్టునున్న కండరములు బిగిసి, కఫము పేరుకొని, గాలి పోవు దారి సన్నగిల్లును. పిల్లికూతలు పుట్టునది అందుచేతనే. ఇది అంటువ్యాధి కాదు. అట్టి బిడ్డను వేఱుగా కూర్చుండబెట్టుట అన్యాయము.

వాపు తగ్గించు మందు ఇంటివద్ద ప్రతిదినము పీల్చవలసినది. బిగిసిన నాళములను వెంటనే సడలించు సాల్బుటమాల్ మాత్రము బిడ్డ ఎక్కడనున్న అక్కడ నుండవలెను. తల్లి జీడితోటకు పోయిన వేళ ఇన్హేలరు (పంపు) ఇంట తాళములో నున్నచో ప్రయోజనమేమి? పంపు అలవాటైపోవునను భయము మనలో బలముగా నున్నది గాని, దానికి ఆధారము లేదు. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరును గనుక స్వల్ప మోతాదే చాలును.

పసివారికి స్పేసరు (పంపునకు తగిలించు గొట్టము), మాస్కు తప్పనిసరి. పంపును బాగుగా కుదిపి స్పేసరునకు తగిలించి, మాస్కును ముక్కు, నోరు కప్పునట్లు సందులేక అదిమి, ఒక్కమారు నొక్కి, బిడ్డ అయిదారు మారులు ఊపిరి తీయువఱకు కదల్పక యుంచి, పిదప గాని రెండవమారు నొక్కరాదు. ఎన్ని మారులు నొక్కవలెనో డాక్టరు వ్రాసియిచ్చిన కాగితము టీచరుకు, ఆయాకు అందుబాటులో నుండవలెను. ఆయాసపడు బిడ్డను పరుండబెట్టరాదు, నిటారుగా కూర్చుండబెట్టవలెను.

డొక్కలెగురుచున్నను, మాట తెమలకున్నను, పెదవులు నీలమెక్కినను 108కి ఫోను చేసి, బండి వచ్చులోగా పంపు మానక యీయవలెను. కూతలు ఆగి బిడ్డ మగతగా వాలిపోయినచో తగ్గినదని ఊరడిల్లుట ఘోరమైన పొరపాటు. లోనికి గాలి చొరకపోవుటచేతనే ఆ నిశ్శబ్దము.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము (ఐ.సి.డి.యస్.) ఆరంభమైన నాటినుండి బిడ్డ తూకము, టీకా, తిండి చూచుచున్న అంగన్‌వాడి, ఊపిరిని కూడ తన పనిగా నెంచుట న్యాయము. పొడిచీపురుకు బదులు తడిగుడ్డతో తుడుచుట, పిల్లలున్న గదిలో దోమలచుట్ట, సాంబ్రాణి వెలిగింపకుండుట, పొద్దుటే తల్లిని “రాత్రి దగ్గినాడా అమ్మా?” అని అడుగుట ఖర్చు లేని పనులు. వారమున రెండుమారులకు మించి పంపు అవసరపడుచున్నచో వాపుమందు చాలుటలేదన్నమాట. టీచరు ఆ తేదీలు కాగితముపై వ్రాసి తల్లి చేతికిచ్చినచో, టెక్కలి ఆసుపత్రిలో డాక్టరు చూచి మందు మార్చుటకు వీలగును.