వెనక సీట్లో కూర్చుని చూశారా?



కారు కొనేముందు టెస్ట్ డ్రైవ్‌కు వెళ్తే మనం డ్రైవర్ సీట్లో కూర్చుంటాం. రోజూ బడికి వచ్చే పిల్లలు మాత్రం వెనక కూర్చుంటారు. స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు ముందున్న మీకు తగిలేది చిన్న కుదుపే కావచ్చు. వెనక చక్రాలకు దగ్గరగా ఉన్న పిల్లలకు అదే పెద్ద ఎత్తు. కాబట్టి వెనక సస్పెన్షన్ గురించి కాస్త తెలుసుకుంటే మంచిది. రోజూ తిరిగే కార్లలో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి.

1. ఒకే ఇరుసు (రిజిడ్ యాక్సిల్)

రెండు వెనక చక్రాలను ఒకే గట్టి ఇరుసు కలుపుతుంది. ఒక చక్రం గుంతలో పడితే రెండోది కూడా వంగుతుంది. దీనికి కమాన్ పట్టీలు వాడితే బరువు బాగా మోస్తుంది. మన జహీరాబాద్‌కు ఇవి కొత్త కాదు. 1980లలో ఇక్కడ ఆల్విన్ నిస్సాన్ చిన్న ట్రక్కులు తయారయ్యేవి. 1989లో ఆ సంస్థ మహీంద్రా చేతికి వచ్చింది. బొలెరో వెనక ఉండేవి కమాన్ పట్టీలే. బండి నిండుగా ఉంటే కుదురుగా నడుస్తుంది, ఖాళీగా ఉంటే ఎగురుతుంది. ఇన్నోవా క్రిస్టాలోనూ ఒకే ఇరుసు ఉంటుంది, కానీ కాయిల్ స్ప్రింగులు ఉండటంతో కుదుపు తగ్గుతుంది.

2. టోర్షన్ బీమ్

స్విఫ్ట్, బాలెనో, క్రెటా వంటి కార్లలో ఉండేది ఇదే. చక్రాల మధ్య ఉన్న బీమ్ కొంత మెలితిరుగుతుంది. అందుకే ఒక చక్రానికి తగిలిన దెబ్బ రెండోదానికి పూర్తిగా చేరదు. ఖర్చు, మరమ్మతు తక్కువ. డిక్కీకి చోటు మిగులుతుంది.

3. మల్టీ లింక్ ఇండిపెండెంట్

ఎక్స్‌యూవీ 700లో ఉన్నది ఇది. ప్రతి చక్రాన్ని విడిగా కొన్ని చేతులు పట్టుకుంటాయి. ఒక చక్రం ఎగిరినా రెండోది రోడ్డును వదలదు. మలుపుల్లో టైరుకు పట్టు బాగుంటుంది. కానీ బుష్‌లు, జాయింట్లు ఎక్కువ కాబట్టి అవి అరిగితే ఖర్చూ ఎక్కువే.

మరి ఏది కొనాలి?

ఊళ్లో తిరగడానికి, బడికి, బజారుకు టోర్షన్ బీమ్ చాలు. తరచూ ఏడుగురు ఎక్కి, సామాను కూడా వేస్తే ఒకే ఇరుసు బండి తట్టుకుంటుంది. జాతీయ రహదారి 65 మీద తరచూ హైదరాబాద్ వెళ్లివచ్చేవారు, బడ్జెట్ ఉంటే, మల్టీ లింక్ గురించి ఆలోచించవచ్చు. అయితే ఒక మాట మరవద్దు. షాక్ అబ్జార్బర్లు పోయిన ఖరీదైన కారు కన్నా, బాగా చూసుకున్న మామూలు కారు నయం. షాక్‌లు అరిగితే టైరు రోడ్డు మీద ఎగురుతుంది, బ్రేక్ వేసినా కారు ఆలస్యంగా ఆగుతుంది. ఇది సుఖానికే కాదు, ప్రాణానికీ సంబంధించిన విషయం.

ఈ ఆదివారం ఇలా చేయండి

• ఇంకొకరిని నడపమని, మీరు వెనక సీట్లో కూర్చోండి. మూడో వరుస ఉంటే అక్కడా కూర్చోండి. ఇరుసుకు వెనకగా ఉండే ఆ సీటుకు ఊపు ఎక్కువ.
• స్పీడ్ బ్రేకర్ మెల్లగా దాటండి. ఆ తర్వాత కారు రెండు మూడు సార్లు ఊగుతుంటే మెకానిక్‌కు చూపించండి.
• టైర్ల గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్‌లో చూడండి. గాలి మరీ ఎక్కువైతే ఏ సస్పెన్షన్ అయినా గట్టిగా తగులుతుంది.
• పాపకు కడుపులో తిప్పుతుంటే ఫోన్, పుస్తకం పక్కన పెట్టించి, దూరంగా రోడ్డు వైపు చూడమనండి.

పిల్లలతో ఒక ప్రయోగం

బల్లమీద స్కేలు పెట్టి ఒక కొన ఎత్తమనండి. స్కేలు మొత్తం వాలుతుంది. అది ఒకే ఇరుసు. చార్ట్ పట్టీ ఒక కొన మెలితిప్పితే రెండో కొన కొంచెమే కదులుతుంది. అది టోర్షన్ బీమ్. రెండు పెన్సిళ్లను విడివిడిగా కదిలిస్తే ఒకదానికి మరొకదానితో పనే లేదు. మూడోది ఏమిటో మీ పిల్లలే చెబుతారు.