టర్బో కారుకు ఫోర్జ్‌డ్ ఇంజను: లెక్క తప్పితే లక్షలు బూడిద

న్యూఢిల్లీ: టర్బోచార్జర్ అమర్చిన పెట్రోలు కారు శక్తిని పెంచడం నేడు కష్టమైన పనేమీ కాదు. ఇంజనును నియంత్రించే కంప్యూటర్‌లోని ప్రోగ్రామును మార్చి, టర్బో పీడనాన్ని కాస్త పెంచితే చాలు. ఆ పనికి గంట సమయం కూడా పట్టదు. అయితే అలా పెరిగిన ఒత్తిడిని ఇంజను లోపలి భాగాలు ఎంతకాలం భరించగలవన్నదే అసలు ప్రశ్న. ఒక హద్దు దాటిన తర్వాత పోత పిస్టన్లు పగులుతాయి, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఒక్క రాడ్డు విరిగి సిలిండర్ గోడను చీల్చుకొని బయటపడితే ఇంజను మొత్తం తుక్కు కింద లెక్క. ఈ ప్రమాదాన్ని నివారించేందుకు మోటారు క్రీడలలో పాల్గొనేవారు, వారిని చూసి కొందరు వాహన ప్రియులు ఎంచుకుంటున్న మార్గమే ఫోర్జ్‌డ్ ఇంజను. లక్షల రూపాయలతో ముడిపడిన ఈ పనిలో విడిభాగాల నాణ్యత కంటే ముందుచూపుతో వేసుకున్న ప్రణాళికే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

పన్నుల విధానమే ప్రేరణ

మన దేశంలో టర్బో అంటే చాలాకాలం డీజిల్ వాహనాలే గుర్తుకు వచ్చేవి. పెట్రోలు కార్లలో ఆ పరిజ్ఞానం సామాన్య కొనుగోలుదారుకు చేరువ కావడానికి పన్నుల విధానం ఒక ముఖ్య కారణం. 4 మీటర్లకు మించని పొడవు, 1200 సి.సి.కి మించని పెట్రోలు ఇంజను ఉన్న కార్లను చిన్న కార్లుగా పరిగణించి 2006 బడ్జెట్‌లో ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. ఇంజను పరిమాణాన్ని పెంచకుండా శక్తిని పెంచాలంటే టర్బోను ఆశ్రయించక తప్పని పరిస్థితి ఏర్పడింది. 2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐలో 1197 సి.సి. ఇంజనే 105 అశ్వశక్తిని అందించింది. 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుండయ్ వెన్యూ ఇదే బాట పట్టాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో పలు సంస్థలు చిన్న డీజిల్ ఇంజన్లకు స్వస్తి పలికాయి. ఫలితంగా టర్బో పెట్రోలు కార్ల ప్రాధాన్యం మరింత పెరిగింది.

పోతకు, ఫోర్జింగుకు తేడా

కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చల్లార్చితే పోత భాగం తయారవుతుంది. ఖర్చు తక్కువ, ఉత్పత్తి వేగం ఎక్కువ. ఘన రూపంలోనే ఉన్న లోహాన్ని వేడిచేసి, భారీ ప్రెస్సుల కింద అచ్చులలో నొక్కి ఆకారం తీసుకురావడం ఫోర్జింగ్. కొలిమిలో కాల్చి సమ్మెటతో సాగగొట్టిన కర్రు సులభంగా విరగదన్న సంగతి పల్లెటూరి రైతుకు తెలియనిది కాదు. సూత్రం ఇక్కడా అదే. ఒత్తిడికి లోహంలోని రేణువుల వరుస భాగం ఆకారాన్ని అనుసరించి సాగుతుంది. లోపలి సూక్ష్మ రంధ్రాలు మూసుకుపోతాయి. అందువల్ల ఫోర్జ్‌డ్ పిస్టన్ దెబ్బ తగిలినప్పుడు పోత పిస్టన్ వలె పెళుసుగా పగలదు.

అయితే ఫోర్జ్‌డ్ పిస్టన్లన్నీ ఒకటి కావు. వీటిలో ప్రధానంగా రెండు అల్యూమినియం మిశ్రమాలను వాడుతున్నారు. 4032 అనే రకంలో సుమారు 12 శాతం సిలికాన్ ఉంటుంది. వేడికి తక్కువగా వ్యాకోచిస్తుంది కనుక రోజువారీ వాడకానికి అనుకూలం. 2618 అనే రకంలో సిలికాన్ నామమాత్రం. అధిక పీడనాన్ని, వేడిని మరింత బాగా తట్టుకుంటుంది గాని ఎక్కువగా వ్యాకోచిస్తుంది. దీనికోసం పిస్టన్‌కు, సిలిండర్ గోడకు మధ్య ఎక్కువ ఖాళీని వదలవలసి ఉంటుంది. చల్లటి ఇంజనును ప్రారంభించినప్పుడు టకటక శబ్దం రావడానికి కారణం ఈ ఖాళీయే. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు, వారాంతంలో ట్రాక్‌పై పరుగెత్తే కారుకు ఒకే పిస్టన్ సరిపోదన్నది ఇందువల్లనే.

ముందు లక్ష్యం, తర్వాతే కొనుగోలు

ప్రణాళికలో మొదటి మెట్టు శక్తి లక్ష్యాన్ని నిర్ణయించుకోవడం. ఉదాహరణకు 2017లో రూ.24.62 లక్షల షోరూమ్ ధరతో మన మార్కెట్‌కు వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్‌ను తీసుకుందాం. దాని 1984 సి.సి. టర్బో ఇంజను శక్తి 230 అశ్వశక్తి, టార్క్ 350 న్యూటన్ మీటర్లు. యజమాని 400 అశ్వశక్తిని కోరుకుంటే, ఆ అంకె నుంచి వెనక్కు లెక్క కట్టాలి. స్థూలంగా 400 అశ్వశక్తికి నిమిషానికి 18 కిలోల గాలి కావాలి. ఇంజనుతో వచ్చిన టర్బో అంత గాలిని సమర్థంగా నెట్టగలదా అన్నది మొదటి పరీక్ష. పూర్తి శక్తితో నడుస్తున్నంతసేపు గంటకు సుమారు 100 కిలోల చొప్పున పెట్రోలు అందాలి. ఇంజెక్టర్లు, అధిక పీడన పంపు, ట్యాంకులోని పంపు ఈ మూడూ అందుకు తగినవై ఉండాలి. గాలి, ఇంధనం లెక్కలు తేలిన తర్వాతే పిస్టన్లు, రాడ్ల ప్రస్తావన రావాలి.

ఇక్కడ చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. ఫోర్జ్‌డ్ భాగాలు వేస్తేనే శక్తి పెరుగుతుందన్న అపోహ ప్రచారంలో ఉంది. నిజానికి అవి ఒక్క అశ్వశక్తిని కూడా అదనంగా ఇవ్వవు. ఇతర మార్పుల వల్ల వచ్చే శక్తిని తట్టుకునే బలాన్ని మాత్రమే ఇస్తాయి.

రాడ్ల విషయంలో రెండు వేర్వేరు ప్రమాదాలను గుర్తించాలి. తక్కువ వేగంలోనే టర్బో పీడనం ఉద్ధృతంగా పెరిగితే సిలిండర్‌లోని పేలుడు రాడ్డును నొక్కి వంచుతుంది. ఇంజను వేగం మరీ పెరిగితే పిస్టన్ బరువు రాడ్డును, దాని బోల్టులను లాగి తెంపుతుంది. ఈ లాగుడు బలం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. నిమిషానికి 6000 చుట్ల నుంచి 7000 చుట్లకు వెళితే వేగం పెరిగేది 17 శాతమే అయినా బలం 36 శాతం పెరుగుతుంది. 92.8 మి.మీ. స్ట్రోక్ ఉన్న ఈ ఇంజనులో 7000 చుట్ల వద్ద పిస్టన్ సగటు వేగం సెకనుకు 21 మీటర్లు దాటుతుంది. కనుక చుట్ల పరిమితిని పెంచదలచినవారు ఫోర్జ్‌డ్ ఉక్కు రాడ్లతో పాటు నాణ్యమైన బోల్టులకు కూడా ఖర్చు చేయక తప్పదు.

కొలతలే ప్రాణం

ఖరీదైన భాగాలు కొన్నంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. అసలు పరీక్ష లేత్ షెడ్డులో మొదలవుతుంది. ‘బోరుకు వచ్చిన’ పాత ఇంజనుకు చేసే సాధారణ మరమ్మతు వేరు, ఈ పని వేరు. పిస్టన్లు చేతికి వచ్చిన తర్వాత ఒక్కొక్కదానిని కొలిచి, తయారీదారు సూచించిన ఖాళీకి తగినట్లు ఆయా సిలిండర్లను బోరింగ్, హోనింగ్ చేయాలి. బిగించిన హెడ్డు ఒత్తిడికి సిలిండర్ ఆకారం స్వల్పంగా మారుతుంది కనుక, హెడ్డుకు బదులు మందపాటి ఉక్కు పలకను బిగించి హోనింగ్ చేయడం ఉత్తమ పద్ధతి.

రింగుల కొసల మధ్య వదిలే సందు కూడా కీలకమే. టర్బో ఇంజను పై రింగుకు బోరు వ్యాసంలో సుమారు 0.5 శాతం సందు వదలడం వాడుకలో ఉన్న లెక్క. 82.5 మి.మీ. బోరుకు అది 0.41 మి.మీ. అవుతుంది. తయారీదారు ఇచ్చే పట్టికే తుది ప్రమాణం. సందు తగ్గితే వేడికి సాగిన రింగు కొసలు ఢీకొని పిస్టన్ అంచునే విరిచివేస్తాయి. బేరింగుల ఖాళీ, క్రాంక్ షాఫ్ట్ సమతుల్యం, నూనె పంపు స్థితి కూడా కాగితంపై నమోదు కావాలి. కొలతల పత్రం ఇవ్వని వర్క్‌షాపును నమ్మడం డబ్బును ఏట్లో పోసినట్లే.

పెట్రోలుతోనూ చిక్కు

ఎంత గట్టి పిస్టన్ అయినా ‘నాకింగ్’ను ఎక్కువకాలం భరించలేదు. పెట్రోలు, గాలి మిశ్రమం సకాలంలో మండక తనంతట తాను పేలడమే నాకింగ్. దీనిని నిరోధించే గుణాన్ని ఆక్టేన్ సంఖ్య సూచిస్తుంది. బీఎస్-6 ప్రమాణాల ప్రకారం సాధారణ పెట్రోలుకు కనీస ఆక్టేన్ సంఖ్య 91. ఇండియన్ ఆయిల్ సంస్థ 2020 డిసెంబరు 1న 100 ఆక్టేన్ పెట్రోలును తొలి విడతగా 10 నగరాలలో ప్రవేశపెట్టింది. దానిని ఆధారం చేసుకొని ఇంజనును సిద్ధం చేసినవారు అది దొరకని ఊరిలో మామూలు పెట్రోలు పోయించుకుంటే ముప్పు తప్పదు. అందువల్ల తన ఊరిలో నిత్యం లభించే ఇంధనాన్ని బట్టే లక్ష్యాన్ని నిర్ణయించుకోవడం వివేకం.

2023 నుంచి అందుబాటులోకి వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో లాభనష్టాలు రెండూ ఉన్నాయి. ఇథనాల్ నాకింగ్‌ను నిరోధిస్తుంది. కాని లీటరుకు శక్తి తక్కువ కావడంతో, అంతే శక్తికి 6 నుంచి 7 శాతం అధికంగా ఇంధనాన్ని పంపవలసి ఉంటుంది. పంపుల లెక్కలో దీనిని కలుపుకోవాలి.

ఎగుమతి మనది, దిగుమతి మనదే

1961లో ఏర్పడిన పుణెలోని భారత్ ఫోర్జ్ సహా పలు భారతీయ సంస్థలు క్రాంక్ షాఫ్టులను, ఇరుసులను ప్రపంచ వాహన తయారీదారులకు ఎగుమతి చేస్తున్నాయి. అయినప్పటికీ ఒక టర్బో కారుకు కావలసిన నాలుగు ఫోర్జ్‌డ్ పిస్టన్ల కోసం ఎక్కువగా అమెరికా, ఐరోపాలవైపు చూడవలసి రావడం గమనార్హం. కారణం సాంకేతిక లోపం కాదు. ఫోర్జింగ్ అచ్చులు ఎంతో ఖరీదైనవి. ఆ ఖర్చు రాబట్టాలంటే వేల సంఖ్యలో అమ్మకాలు కావాలి. మన మార్కెట్‌లో అంత గిరాకీ లేదు. ఫలితంగా కొనుగోలుదారుపై కస్టమ్స్ సుంకం, రవాణా ఖర్చు, జీఎస్టీ పడుతున్నాయి. విడిభాగాలపై 28 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గించడం కొంత ఊరట.

చట్టం ఏమంటోంది

డబ్బు, నైపుణ్యం ఉన్నంత మాత్రాన రోడ్డుపై అన్నీ చెల్లవు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చరాదు. ఈ సంగతిని సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇచ్చిన తీర్పులో స్పష్టం చేసింది. ఆమోదం పొందిన కిట్లతో సీఎన్‌జీకి మార్చుకోవడం వంటి కొన్నింటికి మాత్రమే వీలుంది. అదే సంవత్సరం చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు రూ.5 వేల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. వారంటీ వర్తించదు. మార్పులను దాచిపెడితే ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పరిహారాన్ని నిరాకరించే అవకాశం ఉంది. ఇటువంటి ఇంజన్లకు తగిన స్థానం చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులోని కారి స్పీడ్‌వే వంటి ట్రాక్‌లే.

ఇంజనుతోనే ఖర్చు ఆగదు. పెరిగిన టార్క్‌కు క్లచ్ జారుతుంది, గేర్‌బాక్స్ అరుగుతుంది, బ్రేకులు చాలవు. బడ్జెట్ మొత్తాన్ని పిస్టన్లకు, రాడ్లకే వెచ్చించి, చివరకు ట్యూనింగ్ దగ్గర పొదుపు చేసినవారి ఇంజన్లు తిరిగి షెడ్డుకు చేరడం అరుదు కాదు. స్వల్పంగా శక్తి పెరిగితే చాలుననుకునేవారికి కంపెనీ భాగాలు హద్దులో ఉన్నంతకాలం ఈ ప్రయాస అనవసరం. ట్రాక్‌పై నిలబడాలని నిశ్చయించుకున్నవారు మాత్రం లక్ష్యం, ఇంధనం, కొలతలు, అనుమతి ఈ నాలుగూ తేల్చుకున్న తర్వాతే మొదటి బోల్టు విప్పడం శ్రేయస్కరం.