వక్రరేఖకు ఎంత నునుపు తగును?

సంఖ్యల పట్టికను కంప్యూటరున కప్పగించినంతనే తెరమీద రూపొందు నున్నని సాంద్రతావక్రమును చూచి, అదియే దత్తాంశముల నిజస్వరూపమని నమ్ముట సహజమే గాని, ఆ నునుపులో కొంత సంఖ్యలది కాక, గీయువాడు ఎన్నుకొన్న, లేదా ఎన్నుకొనక విడిచిన, బ్యాండ్‌విడ్త్ అను ఒక్క పరిమాణమునకు చెందినదని గ్రహించువారు అరుదు.

1956లో రోసెన్‌బ్లాట్, 1962లో పార్జెన్ ప్రతిపాదించిన, ఇట్టి వక్రమును గీయు పద్ధతిలో, ప్రతి విలువ యున్న చోటను కళ్లములో ధాన్యమువలె ఒక చిన్న రాశిని పోసి, ఆ రాశుల యెత్తుల నన్నిటిని కూడగా నేర్పడు పై యంచే వక్రరేఖ. రాశి యాకారమును కెర్నెల్ అందురు. దాని వెడల్పే బ్యాండ్‌విడ్త్. ఆకారము మారినను ఫలితమున భేదము స్వల్పము. వెడల్పు మారినచో చిత్రమే మారును.

అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయోద్యానములో ఉండియుండి వేడినీటిని పైకి చిమ్ము ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అను గీజరుయొక్క 272 ఉద్గారముల వ్యవధులు 'ఆర్' అను గణాంక సాఫ్ట్‌వేరుతో కూడ లభించును. అవి 1.6 మొదలు 5.1 నిమిషముల వరకు వ్యాపించి యున్నను, కొన్ని రెండు నిమిషముల చుట్టును, అంతకంటె నెక్కువ నాలుగున్నర నిమిషముల చుట్టును గుమిగూడినవి. మూడు నిమిషముల దాపున నున్నవి కొద్ది. బ్యాండ్‌విడ్త్‌ను ఒకటిన్నర నిమిషములుగా గ్రహించితిమా, రెండు శిఖరములును కలిసిపోయి, వాస్తవముగా అరుదైన మూడు నిమిషముల ఉద్గారము సర్వసాధారణమని తోచును; నిమిషములో నూరింట రెండు వంతులకు కుదించితిమా, యాదృచ్ఛికమైన ప్రతి చిన్న గుంపును శిఖరమై నిలుచును.

వినియోగదారుడు ఏమియు చెప్పనియెడల, ఆర్ సాఫ్ట్‌వేరు సిల్వర్‌మన్ 1986 నాటి గ్రంథములోని సూత్రము ననుసరించి, ప్రామాణిక విచలనము, మధ్యనున్న సగము విలువల విస్తృతిని 1.34చే భాగించిన ఫలము, ఈ రెండింటిలో చిన్నదానిని 0.9చే గుణించి, విలువల సంఖ్యయొక్క పంచమమూలముచే భాగించును. కనుకనే బ్యాండ్‌విడ్త్ సగము కావలెనన్నచో విలువలు 32 రెట్లు కావలెను. గీజరు విషయమున ఈ లెక్క 0.33 నిమిషము నిచ్చును. అయితే ఈ సూత్రమునకు ఆధారము ఒకే శిఖరము గల నార్మల్ వక్రము. శిఖరములు రెండై దూరముగా నున్నప్పుడు విచలనము పెరుగును, దానితో బ్యాండ్‌విడ్త్ కూడ అనవసరముగా పెరిగి, శిఖరములు క్రుంగి, లోయ పూడుకొనును. వక్రతను దత్తాంశములనుండియే అంచనా కట్టు షీథర్, జోన్స్‌ల 1991 నాటి పద్ధతి అదే పట్టికకు 0.14 నిమిషము నిచ్చును. ఆర్ సహాయపత్రమే ఈ పద్ధతిని మేలైనదిగా సూచించుచు, పాత సూత్రము కేవలము చారిత్రక కారణములచేతను, పూర్వపు ఫలితములతో పొందికకొరకును నిలిచియున్నదని తెలుపుచున్నది.

కావున సాంద్రతావక్రమును గీయువారు యంత్ర మిచ్చిన వెడల్పుతో తృప్తిపడక, దానిని సగము చేసియు, రెట్టింపు చేసియు మరల గీచి, అన్నిటను నిలిచిన శిఖరమునే విశ్వసింతురు గాక. తాము గ్రహించిన బ్యాండ్‌విడ్త్‌ను చిత్రము క్రింద ముద్రింతురు గాక. ఆ సంఖ్య లేని వక్రరేఖను పాఠకుడు సందేహించుట న్యాయము.