ఫార్మాట్ కొట్టించే ముందు ఒక్క నిమిషం!

మొన్నటిదాకా బాగానే ఉన్న నా ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి నత్తనడక మొదలెట్టింది. ఆన్ చేసి, టీ పెట్టుకుని తాగి వచ్చినా తెర మీద ఆ చుక్కలు తిరుగుతూనే ఉండేవి. రిపేర్ షాపుకి తీసుకెళ్తే, ‘ఫార్మాట్ కొట్టేద్దాం బ్రో’ అన్నాడు. సరే అనబోయి ఆగా. అందులో మా నానమ్మ ఫొటోలున్నాయి. ఆమె ఇప్పుడు లేదు. ఆ ఫొటోలకి ఇంకో కాపీ కూడా లేదు.

ఇంటికొచ్చి ముందు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించా. గంటన్నర పట్టింది. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచా. సీపీయూ 15 శాతం, మెమరీ సగం... డిస్క్ మాత్రం 100 శాతం! దొంగ దొరికాడు.

స్టార్టప్ యాప్స్‌లో అక్కర్లేనివి ఆపేశా. టెంపరరీ ఫైల్స్ తీసేశా. కాస్త నయం, అంతే. అసలు జబ్బు పాత హార్డ్‌డిస్క్‌ది. అందులో పళ్లెం గిర్రున తిరుగుతుంటే హెడ్ అటూ ఇటూ కదిలి డేటా వెతకాలి. అరిగిపోయిన డిస్క్ చెడిపోయే ముందు ఇలాగే మొరాయిస్తుందట. ఫార్మాట్ కొట్టించినా ఉండేది ఆ డిస్కే కదా!

కదిలే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీ వేయించా. ఇప్పుడు అదే ల్యాప్‌టాప్ అర నిమిషంలో లేస్తోంది.

మీదీ మొరాయిస్తోందా? ముందు కాపీ, తర్వాత టాస్క్ మేనేజర్. ఫార్మాట్ ఆఖరున. విండోస్ మళ్లీ వేసుకోవచ్చు, నానమ్మ ఫొటో మళ్లీ తీసుకోలేం.