సోఫా మీద మర్చిపోయిన బ్యాగు

మా మామయ్య మణికట్టు పట్టుకుంటే నాడి సరిగ్గా దొరకదు. మొదటిసారి చూసినప్పుడు నాకు భయమేసింది. ఆయన నవ్వి, "ఇక్కడ చెవి పెట్టి విను" అన్నారు. ఛాతీ లోపల సన్నగా మోటారు తిరుగుతున్న చప్పుడు.

ఆయనకి అమర్చింది హార్ట్‌మేట్ 3 అనే పంపు. గుండె ఎడమ వైపు రక్తాన్ని తోయలేకపోతే, ఆ పని ఇది చేస్తుంది. లోపలి చక్రం దేనికీ రాసుకోకుండా అయస్కాంత బలంతో తేలుతూ నిమిషానికి ఐదారు వేల సార్లు తిరుగుతుంది. ఇందులో గొప్పంతా ఆ చక్రానిదే అనుకునేవాణ్ణి. సెలవుల్లో నెల రోజులు వాళ్లింట్లో ఉన్నాక తెలిసింది, ఇంట్లోవాళ్ల పనంతా బయటి సామాన్లతోనే అని.

పంపు నుంచి ఒక వైరు పొట్ట దగ్గర చర్మంలోంచి బయటికి వచ్చి, నడుముకి కట్టుకునే కంట్రోలర్‌కి కలుస్తుంది. దాన్ని డ్రైవ్‌లైన్ అంటారు. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అదే. అది మడత పడకూడదు, లాగినట్టు అవకూడదు, బయటికి వచ్చిన చోట ఇన్ఫెక్షన్ రాకూడదు. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు అత్తయ్య మాస్క్, స్టెరైల్ గ్లవ్స్ వేసుకుంటుంది, ఫ్యాన్ ఆపేస్తుంది. ఆ పది నిమిషాలు గదిలో ఎవరూ మాట్లాడకూడదు. ఆ కిట్లు అయిపోయాక ఆర్డర్ పెడదాం అంటే కుదరదు, సగం ఉండగానే పెట్టాలి.

కంట్రోలర్‌కి రెండు బ్యాటరీలు. రెండూ నిండుగా ఉంటే 17 గంటల దాకా వస్తాయి. మార్చేటప్పుడు ఒకటి తీసి, కొత్తది పెట్టి, ఆ తర్వాతే రెండోది ముట్టుకోవాలి. ఒక్కటి తీయగానే కంట్రోలర్ అరవడం మొదలుపెడుతుంది. హాట్ స్వాప్ గురించి క్లాసులో విన్నా గానీ, మనిషి ప్రాణం మీద చూడటం వేరు. రెండూ ఒకేసారి ఊడితే కంట్రోలర్ లోపలి చిన్న బ్యాటరీ ఓ పావుగంట ఆదుకుంటుంది, అంతే.

ఈ బ్యాటరీలని జతలుగా వాడాలి. అందుకే వాటి మీద అత్తయ్య నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టింది. ఒక చుక్కవి రెండు, రెండు చుక్కలవి రెండు. మెటల్ కొనలు నెలకోసారి తుడుస్తుంది. బయట 40 డిగ్రీలు దాటితే అవి వాడకూడని వేడి. మన మే నెలలో ఎండలో ఆపిన కారు సంగతి చెప్పక్కర్లేదు.

రాత్రి మాత్రం బ్యాటరీల మీద పడుకోకూడదు, నిద్రలో అలారం వినపడకపోవచ్చు. కరెంటు యూనిట్‌కి కలిపి పడుకోవాలి. గోడ స్విచ్‌తో ఆరిపోయే ప్లగ్గులో దాన్ని పెట్టొద్దని మాన్యువల్‌లో ఉంది. మన ఇళ్లలో స్విచ్ లేని ప్లగ్గు ఎక్కడుంది? అత్తయ్య ఆ స్విచ్ మీద మూడు వరసలు టేపు వేసింది. పనిమనిషి, నేను, ఆఖరికి మామయ్య కూడా దాని జోలికి పోకూడదు. కరెంటు పోతే, మంచం పక్కనే నిండు బ్యాటరీలు, టార్చి.

ఇక బ్యాగు. ఇంకో కంట్రోలర్, ఇంకో జత నిండు బ్యాటరీలు, వాటి క్లిప్పులు. వీధి చివరి కొట్టుకి వెళ్లినా వెంట ఉండాల్సిందే. వాడకుండా పక్కన పెట్టిన ఆ కంట్రోలర్ లోపలి బ్యాటరీకి కూడా ఆరు నెలలకోసారైనా ఛార్జింగ్ పెట్టాలి. ఆ తేదీ నా ఫోన్‌లో కూడా రిమైండర్‌గా ఉంది.

ఖమ్మంలో పెళ్లికి హైదరాబాద్ నుంచి కారులో బయలుదేరాం. బ్యాగు బాధ్యత నాది. చౌటుప్పల్ దాటాక అత్తయ్య వెనక్కి తిరిగి, "బ్యాగేది నాన్నా?" అంది. సోఫా మీద ఉంది. ఛార్జర్లు, కేబుళ్లు అన్నీ సర్దాను, అదొక్కటి తప్ప. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అలా అననందుకే ఇంకా ఎక్కువ బాధేసింది. మామయ్య డ్రైవర్‌తో, "ముందు యూటర్న్ ఎక్కడుందో చూడు" అన్నారు, అంతే.

మేం చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో బ్యాగు పెట్టుకున్నాను. ఎవరో పెద్దాయన వచ్చి, "ఇది తీస్తావా బాబూ, కూర్చుంటాను" అన్నారు. నేను లేచి ఆయనకి నా కుర్చీ ఇచ్చేశాను.